తెల్లచీటీ ఎలుకలు

మా పరిశోధన కేంద్రంలో అరిటాకులు వేసి భోజనాలు పెట్టింది ఒక్కసారే. ఆ రోజు శనివారం. నూజివీడు రోడ్డు పక్కన మామిడితోటల మధ్య ఉన్న మా భవనం వరండాలో నూట ఇరవై మంది బారులు తీరి కూర్చున్నారు. ఆకుల్లో వడ్డించిన అన్నం తెల్లగా లేదు, నేరేడుపండు తిన్న నాలుక రంగులో ఉంది. ఆ బియ్యం పేరు నేరేడు సన్నాలు. మా డైరెక్టరు త్రివిక్రమరావు మాస్టారు పద్నాలుగేళ్ళు కష్టపడి పుట్టించిన వంగడం అది. దాని మీద జరిపిన ఎలుకల పరీక్ష గట్టెక్కినందుకే ఆ విందు. గట్టెక్కించిన సంతకం నాది.

ఇనుముకి తుప్పు పట్టినట్టే మన ఒంట్లో కణాలకి కూడా పీల్చే గాలితోనే తుప్పు పడుతుంది. ఆ తుప్పుని అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు. పళ్ళలో, ఆకుకూరల్లో ఉంటాయి. వండితే సగం పోతాయి, మిగిలిన సగం మర్నాటికి ఒంట్లోంచి పోతాయి. మాస్టారి బియ్యంలోవి అలా పోవు. ఎసట్లో ఉడికినా చెక్కుచెదరవు, తిన్నాక నెలల తరబడి ఒంట్లోనే కాపలా ఉంటాయి. వినడానికి అమృతమే. నాలాంటి అనుమానపు మనుషులకి మాత్రం ఒక సందేహం. దారి తప్పిన కణాన్ని ఒళ్ళు తానే చంపుకుంటుంది, ఆ చంపడానికి వాడే కత్తి కూడా ఆ తుప్పే. తుప్పే పట్టనివ్వకపోతే దొంగ కణం దొరలా బతికెయ్యదా? బతికితే దాని పేరే క్యాన్సరు. ఆ సందేహం తీర్చుకోవడానికే రెండువందల చిట్టెలుకలతో ఏడాదిన్నర పరీక్ష చేశాం.

విందు రోజు మాస్టారు నన్ను పక్కకి పిలిచి ఐదు కిలోల సంచి నా చేతిలో పెట్టారు.

"సునందా, మొదటి సంచి మీ అక్కకివ్వమ్మా. అందరికన్నా ముందు ఆవిడకి అవసరం."

మా అక్క హైమవతికి ఆరేళ్ళ కిందట రొమ్ము క్యాన్సరు వచ్చి తగ్గింది. ఆపరేషన్ రోజు ఆస్పత్రి బెంచీ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పక్కన కూర్చున్నది మాస్టారే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ చూస్తుండగానే ఒంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆయన మాత్రం ఆ రోజు పంక్తిలో కూర్చోలేదు. "శనివారం కదమ్మా, నాకు టిఫినే" అంటూ ఓ మూల కుర్చీలో కూర్చుని ఉప్మా తిన్నారు. ఇరవై ఏళ్ళుగా ఆయన్ని ఎరుగుదును. శనివారం అన్నం మానెయ్యడం చూసింది మాత్రం అప్పుడే. వయసు మీద పడ్డాక భక్తి కుదిరింది కాబోలు అనుకున్నాను.

ఆ పరీక్ష ఎలా జరిగిందో ఇప్పుడు చెప్పాలి. వంద పంజరాలకి ఊదాచీటీ, వంద పంజరాలకి తెల్లచీటీ అంటించాం. ఒక్కో పంజరంలో ఒక్కో ఎలుక. ఊదాచీటీ వాటికి నేరేడు సన్నాలతో చేసిన మేత బిళ్ళలు, తెల్లచీటీ వాటికి మామూలు బియ్యంతో చేసినవి. గది, నీళ్ళు, వెలుతురు అన్నీ ఒకటే. ఏడాదిన్నర అయ్యాక రెండువైపులా గడ్డలు లెక్కపెట్టి ఎటు ఎక్కువున్నాయో చూడటం. చంటిపిల్లకైనా అర్థమయ్యే లెక్క.

మేత వేసేదీ పంజరాలు కడిగేదీ నాంచారమ్మ. యాభై దాటిన మనిషి. అంతకుముందు పదిహేనేళ్ళు బళ్ళో మధ్యాహ్న భోజనం వండి వడ్డించింది. ఎలుకల్ని "నా పిల్లలు" అనేది. నేను సోమవారం సోమవారం తూకం గదిలో కూర్చునేదాన్ని, ఎలుకల్నే ఖాళీ డబ్బాల్లో నా దగ్గరికి తెచ్చేవారు. మేత గదిలో నేను అడుగుపెట్టిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అక్కడ కంపు. ఇంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు, దాచుకోవడం దేనికి?

ఆఖరి రోజున లెక్క తేలింది. తెల్లచీటీలో ముప్ఫై ఒక్క ఎలుకలకి గడ్డలు, ఊదాచీటీలో ముప్ఫై మూడింటికి. ఆ జాతి ఎలుకలకి మామూలుగా వందకి పది పన్నెండుకి మించి రావు. ఇక్కడ రెండువైపులా మూడింతలు! కాగితాలు పట్టుకుని మాస్టారి గదికి పరిగెత్తాను.

"ఈ విడత ఎలుకలే నాసిరకం వచ్చాయమ్మా" అన్నారాయన. "మనం చూడాల్సింది అంకె కాదు, తేడా. రెంటికీ తేడా ఉందా?"

"లేదు సార్."

"మరి?"

ఆ 'మరి'కి నా దగ్గర జవాబు ఉంది. మళ్ళీ మొదట్నుంచి చేద్దాం అనడమే ఆ జవాబు. పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషి ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. నాకు మైక్రోస్కోపులోకి చూడటం నేర్పిన మనిషి ఆయన. కలం తీసి సంతకం పెట్టాను.

మా అక్క ఏలూరులో ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్ళు, తనకి పంతొమ్మిది. ఆ ఉద్యోగంతోనే నన్ను ఎమ్మెస్సీ దాకా, ఆపైన డాక్టరేటు దాకా చదివించింది. నా కోసమే పెళ్ళి మానుకుందని ఎవరైనా అంటే దానికి ఒళ్ళు మండుతుంది. "నచ్చినవాడు దొరకలేదు, అంతే. ఈవిడగారి కోసం త్యాగమొకటి!" అని నన్ను చూసి వెక్కిరిస్తుంది.

విందు మర్నాడు ఆ సంచి తీసుకెళ్ళి నేనే వండి పెట్టాను.

"ఏమిటే చిట్టీ ఇది? సిరా పోసి వండావా?"

"తిను అక్కా. ఒంటికి మంచిది."

"రుచి బాగుండని వాటికే ఆ మాట చెబుతారు" అంది. అన్నా, గోంగూర పచ్చడితో తిన్నది. పెరుగు కలిపితే అన్నం గులాబీరంగుకి తిరిగింది, అది చూసి చిన్నపిల్లలా మురిసిపోయింది. కేంద్రంలో పనిచేసేవాళ్ళకి నెలకొక సంచి ఇచ్చేవారు. నాకొచ్చిన ప్రతి సంచీ ఏలూరు బస్సెక్కింది. పద్నాలుగు నెలలు, ఒక్క నెల కూడా తప్పలేదు.

పదిహేనో నెలలో అక్క బిందె ఎత్తబోతే పక్కటెముక దగ్గర పట్టేసింది. బెణికిందనుకుంది. వారం రోజులు తైలం రాసుకుంది. తగ్గకపోతే నేను బలవంతాన తీసుకెళ్ళి స్కానింగు చేయించాను. జబ్బు తిరగబెట్టింది, ఈసారి ఎముకలోకి పాకింది. పరీక్ష కోసం ఎముక ముక్క తీసిన సర్జను బయటికొచ్చి నన్ను అడిగిన మొదటి మాట ఇది.

"ఈవిడ ఏం తింటారండీ? ఎముక ఊదారంగులో ఉంది. నా పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

ఆ బియ్యం రంగు ఎముకలో ఇంకి నిలిచిపోతుందన్నమాట. అది మాకెవ్వరికీ తెలియదు. ఎలుకల ఊపిరితిత్తులు, కాలేయం, అన్నీ కోసి చూశాం గానీ ఎముకలు ఎందుకు చూస్తాం? అక్కని మంచం మీద పడుకోబెట్టి అప్పుడే బయల్దేరి కేంద్రానికి వెళ్ళాను. పరీక్ష ముగిశాక ఎలుకల్ని మందునీళ్ళు పోసిన సీసాల్లో భద్రం చేస్తాం. ఒక ఊదాచీటీ సీసా తీసి ఎలుక తొడ ఎముక గీకి చూశాను. ఊదా. అనుకున్నదే. పోల్చడానికని ఒక తెల్లచీటీ సీసా తీశాను.

అదీ ఊదాయే.

పొరపాటున చీటీ మారిందేమో అనుకుని ఇంకొకటి తీశాను. ఇంకొకటి. నలభై సీసాలు విప్పాను. ఆ బియ్యం ఒక్క గింజ కూడా నోట పెట్టకూడని ఎలుకలన్నిటికీ ఊదా ఎముకలే. విప్పిన సీసాలు బల్లమీదే వదిలేసి బయటికి నడిచాను.

నాంచారమ్మ పెరట్లో కొళాయి దగ్గర పంజరాలు తోముతోంది.

"నాంచారమ్మా, ఆ పరీక్షప్పుడు తెల్లచీటీ పంజరాల్లో ఊదా బిళ్ళలు ఎప్పుడైనా పొరపాటున పడ్డాయా?"

"పడటమేంది డాక్టరమ్మా, నేనే వేశాను" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. "రెండు బస్తాలూ ఒకే తొట్లో కలిపేసి అన్నిటికీ సమానంగా పెట్టేదాన్ని. జబ్బులు రాకుండా చేసే బియ్యమని మీరే అంటిరి గదా. ఎదురూ బొదురూ కూర్చోబెట్టి వందమందికి పెట్టి, వందమందిని చూస్తా కూర్చోమంటే ఎట్టాగండీ? బళ్ళో ఒక్క గుడ్డు తక్కువొచ్చినా అన్నీ చిదిపి కూరలో కలిపేదాన్ని. పంక్తిలో వలపక్షం చేస్తే ఆ పాపం ఊరికే పోదండీ."

నేను కొళాయి గట్టు మీద కూర్చున్నాను. ఆవిడ కంగారుపడి చేతులు కడుక్కుని నా పక్కన కూర్చుంది.

"ఆ చెవి కత్తిరించినయ్యి ఉన్నాయి చూడండీ, అయ్యంటే నాకు మరీ జాలి. వాటికి మాత్రం ఇంకో నాలుగు ఊదా బిళ్ళలు ఏరి వేసేదాన్ని. తప్పయిందా అమ్మా?"

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. సగం ఎలుకలకి ఎందుకు పెట్టకూడదో ఆవిడకి ఎవరు చెప్పారు? 'ఇది వీటికి, అది వాటికి' అన్నామంతే. పెద్ద చదువులు చదివినవాళ్ళం, పెంట ఎత్తేవాళ్ళకి పని చెబుతాం గానీ కారణం చెప్పం.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"పెద్దసారుకి చెప్పాగా! నాలుగో నెల్లో ఫొటోలు తీయించడానికొచ్చారు. తెల్లచీటీ పంజరాల్లో పెంటికలు ఊదాగా ఉన్నయ్యేంటని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశా. నా ఉద్యోగం ఊడిందే అనుకున్నా. దేవుడండీ ఆయన. కిటికీలోంచి తోటకేసి కాసేపు చూసి, 'మంచి పని చేశావు, ఇట్టాగే కానీ. ఎవ్వరికీ చెప్పమాకు, నీ ఉద్యోగానికి నేను పూచీ' అన్నారు."

నాలుగో నెల. అంటే మిగతా పద్నాలుగు నెలలూ అది పరీక్ష కాదు. రెండువైపులా ఒకటే మేత పెడితే తేడా రానే రాదు. తేడా రాకపోవడమే మాస్టారికి కావాలి. అది తెలిసే నడిపించాడు. తెలిసే నా చేత సంతకం పెట్టించాడు. తెలిసే మా అక్కకి మొదటి సంచి ఇచ్చాడు. ఇక ఆయన్ని 'ఆయన' అనడం నా వల్ల కావడం లేదు, చదివేవాళ్ళు మన్నించాలి. ఉప్మా ప్లేటు పట్టుకుని ఆ మూల కుర్చీలో కూర్చున్న మనిషే నా కళ్ళముందు కనిపించాడు.

తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్ళాను. తలుపు తట్టలేదు.

"తెల్లచీటీ ఎలుకల సంగతి మీకు తెలుసా?"

"కూర్చో సునందా."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు" అన్నాడు. గొంతు కూడా మారలేదు. "అప్పుడు ఆపి మళ్ళీ మొదలుపెడితే ఇంకో రెండేళ్ళు. నాకు అరవై ఎనిమిది, అప్పటికి ఈ కుర్చీలో ఎవరుంటారో! అయినా ఆ బియ్యం హాని చేస్తుందని ఎవరు రుజువు చేశారు? తేడా లేదని సంతకం పెట్టింది నువ్వే కదా."

"రెంటికీ ఒకటే పెడితే తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"పెట్టింది నేను కాదు, నాంచారమ్మ. బయటికి చెబితే ఏమవుతుందో ఆలోచించుకో. పోయేది దాని ఉద్యోగం, నీ పేరు. జూన్ నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఈ బియ్యమే వెళుతోంది. దేశం చూసి గర్వపడే పని. ఒక్క ముసలిదాని అజ్ఞానం వల్ల అది ఆగాలా?"

"మా అక్కకి జబ్బు తిరగబెట్టింది సార్. ఎముకలోకి పాకింది."

"అయ్యో" అన్నాడు. ఆ అయ్యోలో నటన లేదు, అదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. "ఆవిడకి మంచే జరుగుతుందనుకున్నానమ్మా."

"అయితే ఆ శనివారం మీరు ఉప్మా ఎందుకు తిన్నారు?"

కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నమ్మినవాళ్ళనే ముంచుతారని పెద్దవాళ్ళు అంటే ఏమో అనుకునేదాన్ని. నమ్మనివాళ్ళని ముంచడం ఎవరి తరం? ఆపరేషన్ రోజు నా పక్కన బెంచీ మీద కూర్చున్న ఆ పది గంటలూ నిజమేనా, అదీ నాటకమేనా అని ఇప్పటికీ తేల్చుకోలేక చస్తున్నాను. నిజమే అయితే మరీ ఘోరం.

తర్వాతి పంతొమ్మిది రోజులు సీసాల మధ్యే గడిపాను. నాంచారమ్మ జాలే నాకు దారి చూపించింది. చెవి కత్తిరించిన ఎలుకలు యాభై. గుర్తు కోసం రెండు గుంపుల్లోనూ ప్రతి నాలుగోదానికి మేమే కత్తిరించాం. వాటి ఎముకలు మిగతావాటికన్నా ముదురు ఊదాగా ఉన్నాయి. గడ్డల లెక్క చీటీల ప్రకారం కాకుండా చెవుల ప్రకారం మళ్ళీ వేశాను. చెవి తెగిన యాభైలో ఇరవై ఎనిమిదింటికి గడ్డలు. తెగని నూట యాభైలో ముప్ఫై ఆరింటికి. ఒకచోట సగానికి మించి, ఇంకోచోట పావు వంతు కూడా లేదు. ఎక్కువ తిన్నవాటికే ఎక్కువ గడ్డలు.

మా అక్క ఒక్కతే. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదని విద్యార్థులకి పాఠం చెప్పేదాన్ని నేనే. ఆ బియ్యం తినకపోయినా జబ్బు తిరగబెట్టేదేమో. ఆ 'ఏమో'తోనే నేను బతకాలి.

లెక్క నాంచారమ్మకి అర్థమయ్యేలా చెప్పాను. ఈసారి కారణంతో సహా చెప్పాను.

"అంటే నేను ఎక్కువ పెట్టినవాటికే గడ్డలు ఎక్కువొచ్చినయ్యా?"

"అవును నాంచారమ్మా."

"జూన్ నుంచి బళ్ళో పిల్లలకి పెట్టేది ఇదేనా?"

"ఇదే."

కొంగుతో ముఖం తుడుచుకుంది. "కాయితం ఇయ్యండి" అంది. ఐదో తరగతి చదువు. అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది: 'అన్నిటికీ నేనే సమానంగా పెట్టాను. పెద్దసారుకి చెప్పాను. కానిమ్మన్నారు.' ఆ కాగితం, ఎముకల లెక్క, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానన్న ఉత్తరం, మూడూ కలిపి ఆ బియ్యానికి అనుమతిచ్చిన కమిటీకి పంపాను. సాయంత్రానికి నాంచారమ్మని పనిలోంచి తీసేశారు. వారానికి నన్ను సస్పెండ్ చేశారు. పనిమనిషి నిర్లక్ష్యం వల్ల, ఒక శాస్త్రవేత్త తొందరపాటు వల్ల తన జీవితకాలపు కృషికి మచ్చ వచ్చిందని త్రివిక్రమరావు పత్రికలవాళ్ళ ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అయితేనేం, జూన్‌లో బడులకి ఆ బియ్యం వెళ్ళలేదు. అంతవరకు మా కాగితాలు నిలబడ్డాయి.

ఇక మిగిలింది అక్కకి చెప్పడం.

ఏలూరు వెళ్ళేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. మందుల వల్ల జుట్టంతా రాలిపోయి, నెత్తిన కండువా కట్టుకుని వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. వద్దంటున్నా వినకుండా కుక్కరు దించి రెండు కంచాలు పెట్టింది. తెల్లన్నం. దొండకాయ వేపుడు. నేను ముద్ద ముట్టకుండా మొత్తం చెప్పేశాను. ఎముక రంగు, సీసాలు, నాంచారమ్మ తొట్టి, మాస్టారు, ఉప్మా, నా సంతకం. ముప్ఫై ఏళ్ళు హెడ్‌ఫోను పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ కష్టసుఖాలు కలిపిన మనిషి, మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. నేను ఏడుస్తుంటే మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

అంతా అయ్యాక నెమ్మదిగా అడిగింది.

"నువ్వెన్నాళ్ళు తిన్నావు చిట్టీ?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఇంత లెక్క వేసినదాన్ని, ఆ లెక్క వేసుకోలేదు.

"విందు రోజు ఒక్కపూట."

"మీ ఆయన? బుజ్జిది?"

"ఆయనా, పాపా తినలేదక్కా. నెలకి ఒక్క సంచే ఇచ్చేవాళ్ళు. నీకు సరిపోవాలని... ఉన్నదంతా నీకే తెచ్చాను. నాకేం తెలుసు అక్కా? ప్రేమకొద్దీ తెచ్చాను."

"తెలుసులేవే" అంది.

నిజంగానే తెలుసని నాకు తెలుసు. అయినా అది నా ముఖంలోకి చూడలేదు. నా కంచంలోకీ తన కంచంలోకీ మార్చి మార్చి చూసింది. గరిటె తీసుకుని తన కంచంలోంచి కొంచెం అన్నం నా కంచంలోకి వేసింది. రెండూ సమానం అయ్యాయో లేదో తల వంచి చూసుకుంది.

"ఆ నాంచారమ్మే నయమే చిట్టీ" అంది. "అందరికీ ఒకటే పెట్టింది."